ఆయిల్ కారేది ఎక్కడ: పౌడరు చెబుతుందా, టార్చి చెబుతుందా?

నా 100 సీసీ బండికి క్లచ్ ప్లేట్లు ఇంట్లోనే మార్చాను. కవర్ ప్యాకింగ్ కూడా కొత్తదే వేశాను. మర్నాడు పొద్దున బండి కింద రూపాయి బిళ్ళంత మరక. బోల్టులు ఇంకాస్త బిగించినా తగ్గలేదు. కవర్ మళ్ళీ విప్పి ఈసారి ప్యాకింగ్‌కి రెండు వైపులా సిలికాన్ పూశాను. మూడో రోజు అదే చోట అదే మరక. ఎక్కడ కారుతోందో చూడకుండానే వైద్యం మొదలుపెట్టానని అప్పుడు తట్టింది.

చూసుకోవడానికి మూడు దారులున్నాయి: కింద అట్టముక్క పరచడం, ఇంజిన్‌కి పౌడరు చల్లడం, ఆయిల్లో మెరిసే రంగు కలిపి ఊదా (యూవీ) టార్చి వేసి చూడడం.

అట్ట ఎంత కారుతోందో చెబుతుంది, అంతే. ఆయిల్ ఇంజిన్ ఒళ్ళంతా పాకి, అన్నిటికన్నా కిందున్న బోల్టు కొస నుంచి జారుతుంది. పాపం, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు ఊరికే మాట పడుతుంది.

పౌడరుకి ఖర్చు లేదు కానీ ఓపిక కావాలి. ఇంజిన్ చల్లారాక కిరసనాయిల్‌తో, బ్రష్షుతో జిడ్డంతా వదలగొట్టాలి. పాత జిడ్డు మిగిలితే అదే పౌడరుని తడిపి మోసం చేస్తుంది. బాగా ఆరాక మామూలు టాల్కం పల్చగా చల్లాలి. ఆయిల్ తగిలిన చోట నల్లటి దారంలా తడి కనబడుతుంది. ఆ దారానికి పైకొస ఎక్కడుందో అదే అసలు చోటు. నేను మొదట స్టాండు మీదే పది నిమిషాలు ఇంజిన్ నడిపాను. క్లచ్ కవర్ సున్నం కొట్టిన గోడలా తెల్లగానే ఉంది. తర్వాత ఐదు కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే, దారం ముందువైపు టాపెట్ మూత (వాల్వుల సందు సరిచేయడానికి విప్పే మూత) దగ్గర మొదలైంది! ఈ ఇంజిన్లలో సిలిండర్ దాదాపు అడ్డంగా ముందుకి పడుకుని ఉంటుంది. బండి పరుగులో ఉంటే గాలికి ఆయిల్ వెనక్కి కొట్టుకొచ్చి క్లచ్ కవర్ కింద చేరుతుంది. పానలు చేతిలో ఉన్నాయి కదా అని అదే రోజు టాపెట్లు కూడా సరిచేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మూత విప్పితే రబ్బరు రింగు మరలో నలిగి ఒకచోట తెగి ఉంది.

రంగుతో పెద్ద లాభం, పాత జిడ్డు మెరవదు. రంగు కలిపాక బయటికొచ్చిన ఆయిలే పచ్చగా వెలుగుతుంది. చీకటి పడ్డాక చూడాలి. కారుకైతే నా ఓటు దీనికే. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనున్న సీలు దగ్గరికి పౌడరు చల్లే చెయ్యి పోదు, టార్చి వెలుగు మాత్రం కింద సందులో పచ్చని తడిని పట్టిస్తుంది. బైకుల్లో క్లచ్ అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి, తడి క్లచ్‌కి పనికొస్తుందని రంగు డబ్బా మీద రాసి ఉంటేనే పోయాలి. బయటికి కనిపించే బైకు ఇంజిన్‌కి అంత హంగామా దేనికి? పౌడరు చాలు.

అసలు ఈ మూడింటికన్నా ముందు ఆయిల్ మట్టం చూపే గేజి పుల్ల చూసుకోండి. మా బండి రకాల్లో గేజిని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఆయిల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, మట్టం సరిపోయిందనుకుని తక్కువ ఆయిల్‌తోనే తిప్పేస్తాం. కారుతున్న బండికి అదే ముప్పు. వెనక టైరు మీద చుక్క పడుతుంటే మాత్రం పరీక్షలకి కూడా రోడ్డెక్కించొద్దు.

రింగు మార్చాక మరక ఆగింది. అయినా కవర్ మూడోసారి విప్పక తప్పలేదు. నేను పూసిన సిలికాన్ లోపలి అంచున వానపాముల్లా వేలాడుతోంది, గోటితో లాగితే ఊడొచ్చింది. దానికి బెత్తెడు కిందే ఇంజిన్ ఆయిల్ పీల్చుకునే జాలీ, ఊడిన ముక్క అడ్డుపడేది అక్కడే.