యాంటిక్స్ లినక్స్ మూడేళ్ల వాడకం: రోజూ పొద్దున్న 2011

యాంటిక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్, లినక్స్‌లో ఒక రకం. పాత మెషిన్‌కి తేలిక, ఉచితం, ఇవన్నీ అందరూ రాసేశారు. నా గోలంతా గడియారం గురించే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న జిరాక్సు కొట్టు. ఒడియాలో దరఖాస్తులు, తెలుగులో శుభలేఖలు, ఇంగ్లీషులో అఫిడవిట్లు, అన్నీ ఒకే మెషిన్ మీద. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్. 2023 చివర్లో యాంటిక్స్ 23 వేసి, పక్కన విండోస్ 7 ఉంచుకున్నాను. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషు, తెలుగు, ఒడియా, హిందీ వరసగా మారతాయి. నాలుగు దాటితే ఒప్పుకోదు, ఐదోది నాకక్కర్లేదు. ఆ సుఖం చూసి మొదటి ఏడాదంతా కనిపించినవాళ్లకల్లా "వేసుకోండి, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు" అని చెప్పాను.

పోయిన ఎండాకాలం ఓ పొద్దున్న కొట్టు తెరిచి స్విచ్ వేస్తే నల్ల తెర మీద ఆగిపోయింది. అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, ఎఫ్ఎస్‌సీకే (డిస్కుని తనిఖీ చేసి సరిదిద్దే ప్రోగ్రాము) నువ్వే నడుపుకో అంటోంది. రూట్ పాస్‌వర్డ్ కొట్టి, ఎఫ్ఎస్‌సీకే నడిపి, అడిగినదానికల్లా వై నొక్కాను. లేచింది. తేదీ మాత్రం 2011 జనవరి 1. బ్రౌజర్ ఏ సైటూ తెరవదు, సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదంటుంది. అప్‌డేట్ పెడితే 5 వేల పైచిలుకు రోజులు ఆగమంది! తేదీ చేత్తో సరిచేస్తే సాయంత్రం దాకా చక్కగా నడిచింది. మర్నాడు మళ్లీ అదే కథ.

డిస్కు చెడిపోతే తేదీ కూడా చెడుతుంది కాబోలనుకున్నాను. మెకానిక్‌ని పిలిస్తే, "విండోస్ ఇంకా వస్తోంది గానండీ, హార్డ్‌డిస్కు పోనాది, అక్కడా రేపో మాపో తెలుస్తాది" అన్నాడు. కొత్త రకం డిస్కు, ఎస్ఎస్‌డీ కొన్నాను, అన్నీ కొత్తగా వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న అదే నల్ల తెర, అదే 2011.

మా బావమరిది వచ్చి మూత తీసి, బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లుకి మల్టీమీటర్ పెట్టాడు. 3 వోల్టులుండాల్సిన చోట 1.8. "బావా, రాత్రి మెయిన్ ఆపేస్తావా?" అన్నాడు. ఆపేస్తాను, పిడుగుల భయం. మెయిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ గడియారానికి కరెంటు అందుతుంది, ఆపేస్తే ఆ సెల్లే దిక్కు. అది చచ్చిపోతే బోర్డు పుట్టిన ఏడాదికి వెళ్లి కూర్చుంటుంది. డిస్కు మీదేమో నిన్నటి తేదీ రాసుంటుంది. 2011లో కూర్చుని చూస్తే నిన్న భవిష్యత్తే గదా, లినక్స్ బెంబేలెత్తి ఆగిపోతోంది. విండోస్‌కి ఆ పట్టింపు లేదు.

సీఆర్2032 సెల్లు, 30 రూపాయలు. ఎస్ఎస్‌డీ ఎంతయిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు. అన్నిటికన్నా సిగ్గేమిటంటే, మెషిన్ నెలరోజులుగా సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ (ఆ సెల్లు కాపాడే బోర్డు సెట్టింగులు చెడ్డాయని), ఎఫ్1 నొక్కు అని తెల్లటి అక్షరాల్లో చెబుతూనే ఉంది. నేను చదవకుండా ఎఫ్1 నొక్కేస్తున్నాను.

అయిపోయిందా అంటే లేదు. సెల్లు మార్చాక విండోస్‌లోకి వెళ్తే పొద్దున్న 11 గంటలకి 5:30 చూపించింది. గడియారంలో గ్రీనిచ్ టైము ఉందని లినక్స్ నమ్మకం, మన టైమే ఉందని విండోస్ నమ్మకం. ఒకటి దిద్దింది రెండోది చెరుపుతుంది. ఈసారి ఎఫ్ఎస్‌సీకే ఆగలేదు, తేడా ఒక రోజులోపే, హార్డ్‌వేర్ గడియారం తప్పుగా పెట్టుంటారు అని తనే రోగం పేరు చెప్పి సర్దుకుపోయింది. లినక్స్‌లో ఈటీసీ అనే ఫోల్డర్‌లో అడ్జ్‌టైమ్ అనే ఫైల్ ఉంటుంది, దాని మూడో వరసలో యూటీసీ (అంటే గ్రీనిచ్ టైము) తీసి లోకల్ అని రాశాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దీనికో గడి ఉంటుంది, అప్పుడు టిక్కు పెట్టుంటే సరిపోయేది.

కాబట్టి "మళ్లీ ముట్టుకోనక్కర్లేదు" అన్న మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. తేలిక అన్నదీ బ్రౌజర్ తెరవనంతసేపే. నాలుగు ట్యాబులకే 2 జీబీ చాలదు. పాత శుభలేఖలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి, అవి అన్ని చోట్లా చదవగలిగే యూనికోడ్ కావు గనక నాకు విండోస్ తీసే వీల్లేదు. ఆ బెడద లేనివాళ్లు ఒక్క లినక్సే ఉంచుకుంటే ఐదున్నర గంటల గొడవ ఉండదు. సెల్లు మాత్రం ముందే మార్చి పెట్టుకోండి. నేను ఇంకోటి కొని సొరుగులో పడేశాను.