కండిషనర్ ముడిసరుకు కొనేవాళ్ళు చూసుకోండమ్మా

ఇంట్లో లోషన్లు, కండిషనర్లు చేసుకునే మన జిల్లా వాళ్ళకి ఆ నెల్లూరు ఇన్‌స్టా పేజీ ఆమె తెలియకుండా ఉండదు. రోజూ లైవ్ పెట్టి "అక్కచెల్లెళ్ళకి హోల్‌సేల్ రేటు" అంటుంటుంది కదా, ఆమే. కండిషనర్‌ని చిక్కటి క్రీమ్‌లా చేసి జుట్టుని మెత్తబరిచే మైనం గింజలుంటాయి, బీటీఎంఎస్-50 అంటారు. అవి పావు కిలోకి 850 ఫోన్‌పే చేస్తే కావలికి పార్సిల్ వచ్చింది. జిప్ కవరు, దాని మీద పెన్నుతో రాసిన పేరు. బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు. పచ్చడి ప్యాకెట్ అయితే నాలుగు వైపులా తిప్పి చూసేదాన్ని. ఇది పెద్ద సైన్సు కదా, నమ్మేశాను!

నీళ్ళు ఒక గిన్నెలో, ఈ గింజలు ఇంకో గిన్నెలో 75 డిగ్రీలకు వేడి చేసి, కలిపి బ్లెండర్ తిప్పాను. తిప్పినంతసేపూ తెల్లగానే ఉంది. చల్లారేసరికి పైన మైనం అట్ట, కింద నీళ్ళు. స్పూనుతో పొడిస్తే ఫట్‌మని విరిగింది. అసలు సరుకైతే నూటికి 5 పాళ్ళు వేస్తే చాలు, చిక్కటి క్రీమ్ అయి కూర్చుంటుంది, విడిపోదు. పైగా దానికి కాస్త చేపల వాసన ఉంటుంది. చేపల వాసన పట్టలేనంత దూరంలో లేం కదా మనం! వీటికి కొవ్వొత్తి వాసన తప్ప ఏమీ లేదు. అనుమానమొచ్చి చాకలి సోడా నీళ్ళలో వేసి మరిగిస్తే సబ్బు నురగ పొంగింది. ఇంకేముంది, కొవ్వొత్తుల్లో, సబ్బుల్లో వాడే స్టియరిక్ యాసిడ్. బీటీఎంఎస్‌కి ఉండే పాజిటివ్ చార్జి వల్లే అది జుట్టుకి పట్టుకుంటుంది. దీనికి అది ఎక్కడిది?

సరే, పొరపాటున వేరే డబ్బాలోది వేసిందేమో అని మర్యాదగానే ఫోటోలు పెట్టాను. "మీ కావలి ఉప్పు నీళ్ళు మేడం, అందుకే విరిగింది" అంది. నేను వాడింది డిస్టిల్డ్ వాటర్, సీసా ఫోటో కూడా పెట్టాను. అయితే ఆ బ్యాచ్ సీఓఏ, అంటే సరుకుని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్, పంపండి అన్నాను. అంతే, వాయిస్ మెసేజ్ వచ్చింది. "సీఓఏలు అడగడానికి నువ్వేమన్నా ఫ్యాక్టరీ పెట్టావా మే? నీ జుట్టుకి కొబ్బరి నూనె చాలు, పో." వెనకాల ఎవరో పకపకా నవ్వడం కూడా వినబడుతోంది. డబ్బులు పడేదాకా మేడం, పడ్డాక మే! బదులు టైప్ చేసేలోపే గ్రూపులోంచి తీసేసి బ్లాక్ చేసింది. 850 పోతే పోయింది గానీ, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఈవిడే లైవ్‌లో "లోషన్‌లో విటమిన్ ఈ వేస్తే ప్రిజర్వేటివ్ అక్కర్లేదు" అని కూడా చెబుతుంటుంది. వినకండి. విటమిన్ ఈ నూనె కంపు కొట్టకుండా ఆపుతుంది గానీ బూజుని, బ్యాక్టీరియాని ఆపదు. నీళ్ళు కలిసిన దేనికైనా అసలు ప్రిజర్వేటివ్ ఉండాల్సిందే. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ అయితే 1 శాతం దాటకూడదు.

ఎవరి దగ్గర కొన్నా కవరు మీద బెహెంట్రైమోనియం మిథోసల్ఫేట్ అని పూర్తి పేరు, బ్యాచ్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ముందు 50 గ్రాములే తెప్పించి, 5 గ్రాములు 95 గ్రాముల వేడి నీళ్ళలో తిప్పి చల్లార్చి చూడండి. ఆ వాయిస్ మెసేజ్, స్క్రీన్‌షాట్లు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఫోన్‌పేలో వచ్చే పేరు, పేజీ పేరు వేరుగా ఉంటే మాత్రం డబ్బులు వేయకండి, నాకు వచ్చిన పేరు ఎవరో మగాయనది.