పెడల్ స్టీలా, హవాయన్ గిటారా, మోహన వీణా? విశాఖ వాసికి ఏది మేలు?

తీగ మీద ఉక్కు బార్ జార్చి పలికించే ఆ సాగుడు నాదం మీద మనసు పడినవారు కొనుక్కోదగిన వాద్యాలు ప్రధానంగా మూడు ఉన్నాయి. ఒకటి ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయన్ గిటార్. రెండోది, మన హిందుస్తానీ విద్వాంసులు దాన్ని మార్చి రూపొందించుకున్న మోహన వీణ తరహా స్లైడ్ గిటార్. మూడోది కాళ్లతోనూ మోకాళ్లతోనూ తీగల శ్రుతి మార్చుకునే పెడల్ స్టీల్ గిటార్. ఈ మూడోదాన్ని ఇష్టపడి తెప్పించుకుని, విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉంచుకుని వాయించేవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండు మూడు స్వరాలు కలిసి పలుకుతూ వాటిలో ఒక్కటి మాత్రమే కదిలే సంగీతం మీకు కావాలంటే పెడల్ స్టీల్‌కు సాటి వచ్చే వాద్యం లేదు. రాగాలాపనే మీ ధ్యేయమైతే మాత్రం దాని మీద అంత డబ్బు పెట్టడం అనవసరం.

ముగ్గురూ ఒకే ఇంటి బిడ్డలే. హవాయి దీవుల్లో 19వ శతాబ్ది చివర జోసెఫ్ కెకుకు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకవైపు అమెరికాకు, మరోవైపు మన దేశానికి చేరింది. 1940లలో కలకత్తాలో నివసించిన టౌ మో అనే హవాయన్ గిటార్ వాదకుడి కుటుంబం వల్ల అక్కడ హవాయన్ గిటార్ వేళ్లూనుకుంది. వాన్ షిప్లీ దాన్ని హిందీ సినిమా సంగీతంలోకి తీసుకువెళ్లాడు. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడైన బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద పూర్తిస్థాయి రాగాలాపన చేసి చూపించాడు. విశ్వమోహన్ భట్ తరపు తీగలు (మీటకుండానే తోడుగా మోగే తీగలు) చేర్చి మోహన వీణగా మలిచి 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నాడు. అమెరికాలో మాత్రం దారి యంత్రం వైపు మళ్లింది. 1954లో వెలువడిన ఒక కంట్రీ పాటలో బడ్ ఐజాక్స్ మోగుతున్న తీగను పెడల్‌తో లాగి వినిపించాక, అక్కడి స్టీల్ వాదకులు చాలామంది తమ వాద్యాలకు పెడళ్లు బిగించుకోవడం మొదలుపెట్టారు.

పెడల్ స్టీల్ పైనుంచి చూస్తే నాలుగు కాళ్ల సన్నటి బల్ల మీద పది తీగలు బిగించినట్టుంటుంది. దాని అసలు పనితనం అడుగున ఉంటుంది. నేల మీద పడుకుని తలెత్తి చూసినవారికి పొందూరు వైపు నేతగాళ్ల గుంటమగ్గం గుర్తుకు రాక మానదు. తొక్కిన పెడల్ ఒక కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ ఒక అడ్డ ఇరుసును తిప్పుతుంది, ఇరుసు మీది చిన్న మీట మరో సన్నని కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ కుడిచివర ఉన్న ఛేంజర్ అనే భాగంలో తీగ కొసను పట్టుకున్న అల్యూమినియం వేలును కదుపుతుంది. ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటాయి. రెండు మోకాళ్లూ పక్కలకు, పైకి మీటలు నెడతాయి. ఎడమచేతిలో పావుకిలోకు దగ్గరగా తూగే ఉక్కు బార్, కుడిచేతి వేళ్లకు లోహపు నఖాలు ఉంటాయి.

ఎక్కువమంది వాడే ఇ-నైన్ శ్రుతిని మన స్వరాల్లో చెప్పుకుంటే దీని తెలివి ఇట్టే బోధపడుతుంది. తీగలు ఖాళీగా పలికినప్పుడు మూడు శ్రుతిని, అంటే పాశ్చాత్యుల ‘ఇ’ స్వరాన్ని, షడ్జమంగా తీసుకోండి. పైనుంచి కిందకు పది తీగలూ వరుసగా రి, కాకలి ని, అంతర గ, స, ప, గ, రి, స, కైశికి ని, ప అవుతాయి. మొదటి పెడల్ తొక్కితే పంచమాలు రెండూ చతుశ్శ్రుతి ధైవతానికి ఎక్కుతాయి. రెండో పెడల్ గాంధారాలను శుద్ధ మధ్యమానికి చేరుస్తుంది. మూడోది ఒక షడ్జమాన్ని రిషభానికీ, ఒక పంచమాన్ని ధైవతానికీ కలిపి లేపుతుంది. ఒక మోకాలి మీట షడ్జమాన్ని కాకలి నిషాదానికి దించితే, ఇంకొకటి దాన్ని శుద్ధ రిషభానికి ఎక్కిస్తుంది. ఇప్పుడు నాలుగు, అయిదు తీగలను, అంటే షడ్జమాన్నీ కింది పంచమాన్నీ, కలిపి మీటి మొదటి పెడల్ నెమ్మదిగా తొక్కండి. షడ్జమం తంబురా శ్రుతిలా నిలిచే ఉంటుంది, దాని పక్కనే పంచమం ధైవతంలోకి కరిగిపోతుంది. బార్ ఇసుమంతైనా కదలలేదు. హవాయన్ గిటార్ మీద ఈ పని చేయాలంటే బార్‌ను ఏటవాలుగా పట్టాలి. అది కొన్ని జతల తీగల మీదే కుదురుతుంది, అక్కడా శ్రుతి నిలకడగా ఉండటం కష్టం. బార్ జరిగితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసి జరుగుతాయి మరి.

అంత శక్తి ఉన్న యంత్రం రాగానికి ఎందుకు అంతగా అక్కరకు రాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. వీణ మీద తీగను పక్కకు లాగేటప్పుడు ఎంత దూరం లాగాలో వేలూ చెవీ కలిసి ఆ క్షణంలో నిర్ణయించుకుంటాయి. పెడల్ లాగుడుకు హద్దు ముందే బిగించి ఉంటుంది. అది గాంధారం నుంచి మధ్యమానికి వెళ్లి అక్కడ ఆగుతుంది. సగంలో ఆపడం సాధ్యమే కాని, ఆ సగం ప్రతిసారీ ఒకే చోట పడదు. తోడిలోని గాంధారం, బేగడలోని మధ్యమం ఇలాంటి కొలతకు లొంగే స్వరాలు కావు. అవి బార్ పట్టిన చేతి నుంచి రావలసిందే. అలా అయితే పెడల్ లేని వాద్యం కూడా సరిపోతుంది, పైగా మోహన వీణకు ఉన్న పన్నెండు తరపు తీగల ప్రతిధ్వని పెడల్ స్టీల్‌కు లేదు. ఇంకో తేడా కూడా ఉంది. పెడల్ స్టీల్ వాదకుడు ఒక స్వరం నుంచి మరొకదానికి వెళ్లే ముందు కుడి అరచేతి అంచుతో తీగల మోత ఆపేస్తాడు. రాగ వాద్యంలో ఆ మోతే మనకు కావలసినది. కర్ణాటక సంగీతమే ప్రాణమైనవారు, మెట్లు లేని తీగల మీద కడ్డీ జార్చి వాయించే గోటువాద్యం వైపు కూడా ఒకసారి చూడాలి. గమకాల విషయంలో దానికి దీటైన స్లైడ్ వాద్యం లేదని నా దృఢమైన నమ్మకం.

అయితే ఒక్క విషయంలో పెడల్ స్టీల్ వాదకులూ మన విద్వాంసులూ ఒకే చెవి కలవారు. స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తే కీబోర్డు మీది అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా తీగ మోగుతుండగా దానంతట అది వినిపించే స్వయంభూ గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. పెడల్ స్టీల్ వాదకులలో చాలామంది తమ గాంధారపు తీగలను కీబోర్డు స్థానం కంటే పది పద్నాలుగు సెంట్లు తగ్గించి శ్రుతి చేసుకుంటారు. లేకపోతే మూడు తీగలు కలిసి పలికినప్పుడు నాదం అలలు అలలుగా కొట్టుకుంటుంది. తంబురా పెట్టుకుని ఈ వాద్యాన్ని శ్రుతి చేస్తే అది ఎంత హాయిగా కలిసిపోతుందో విన్నవారికే తెలుస్తుంది. మన ఊళ్లో ఆర్కెస్ట్రాలలో కీబోర్డు పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆ పద్నాలుగు సెంట్ల తేడా గురించి ముందే ఒక ఒప్పందానికి రావాలి.

ఇక చేతితో చేసిన వాద్యమా, తక్కువ ధర విద్యార్థి నమూనానా అన్నది మరో తూకం. ఇందులో నాకు ఏ సందిగ్ధమూ లేదు. పెడళ్లు తొక్కినప్పుడు తీగల బిగువు పెరిగి చట్రం కంటికి కనబడనంతగా వంగుతుంది. అలా వంగినందువల్ల తొక్కని తీగల శ్రుతి కొద్దిగా పడిపోతుంది. మంచి పనివాడు గట్టి మేపుల్ చెక్కను ఎంచి, ఛేంజర్ ఇరుసును సందు లేకుండా అమర్చి ఈ పతనాన్ని చెవికి అందని స్థాయికి తగ్గిస్తాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసచెక్క నుంచి వీణ తొలిచే శిల్పులను చూసినవారికి, చెక్క ఎంపికలోనే వాద్యం సగం తయారవుతుందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. పరీక్ష సులువు. ట్యూనర్ పెట్టి నాలుగో తీగను మీటి, మొదటి రెండు పెడళ్లూ కలిపి తొక్కి సూచిక వంక చూడండి. ఒకటి రెండు సెంట్లు దిగితే నిశ్చింతగా కొనవచ్చు. అంతకు చాలా ఎక్కువ దిగితే ఎంత మెరుస్తున్నా వద్దనుకోవాలి. పాత విద్యార్థి నమూనాలలో మోకాలి మీటలు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి, తరవాత చేర్చుకునే వీలు చాలావాటికి ఉండదు. మూడు పెడళ్లు, నాలుగు మీటలు లేని వాద్యం మీద నేర్చుకునేవారు అందరూ అనుసరించే పాఠాలను సగంలోనే ఆపవలసి వస్తుంది.

విశాఖలో సొంతం చేసుకోవడమంటే ఉప్పుగాలితో కాపురం చేయడమే. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వంటి చోట్ల కిటికీ తీసి ఉంచిన గదిలో తీగలు కొద్ది రోజులకే గరగరలాడతాయి. బార్ కింద ఆ గరుకు వెంటనే తెలిసిపోతుంది. నునుపు చేసిన అల్యూమినియం అంచుల మీద తెల్లటి పొర వస్తుంది. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగల కింది వైపు కూడా తుడవాలి, ఛేంజర్ మీద కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు, పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి తరచూ మార్చాలి. ఈ సేవ హవాయన్ గిటార్‌కు పదోవంతు కూడా అవసరపడదు. మోహన వీణకు తీగలు ఎక్కువ కాబట్టి తుడిచే ఓపిక దానికీ కావాలి. విడిభాగాల విషయంలో మాత్రం మన ఊరికి ఒక అనుకూలత ఉంది. షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారాల చుట్టూ పెరిగిన నగరం ఇది. పెడల్ కడ్డీ వంగినా, మీట విరిగినా, నమూనా తీసుకువెళ్తే ఆటోనగర్ లేత్ షాపులో చేసి ఇవ్వగల చేతులున్నాయి. ఛేంజర్ జోలికి మాత్రం వారిని వెళ్లనివ్వకూడదు.

వేదిక మీద తేడాలు త్వరగా చెప్పుకోవచ్చు. రెండు మెడల (అంటే రెండు వరుసల తీగలున్న) పెడల్ స్టీల్ పెట్టెతో కలిపి 25 నుంచి 35 కిలోల దాకా తూగుతుంది. పిఠాపురం కాలనీలోని కళాభారతి మెట్లు దాన్ని మోసుకుని ఎక్కడానికి మరో మనిషి సాయం తప్పదు. కాళ్లు బిగించి, కడ్డీలు తగిలించి, శ్రుతి చేసుకోవడానికి సమయం కావాలి. కుర్చీ తప్పనిసరి, అంటే నేల మీద కూర్చున్న మృదంగ విద్వాంసుడి పక్కన ఇది ఎత్తుగా, ఎడంగా నిలబడిపోతుంది. మోహన వీణ అలాంటి ఇబ్బంది పెట్టదు, చాప పరిస్తే చాలు. అమెరికా యాంప్లిఫయర్ కొనేవారు దాని 120 వోల్టుల సంగతి మరచిపోకుండా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. ఇక్కడే 230 వోల్టులది కొనుక్కోవడం ఇంకా మంచిది. స్పీకరు పదిహేను అంగుళాలదైతే ఈ వాద్యపు గుండ్రని నాదం నిండుగా వస్తుంది.

ఖర్చు, శిక్షణల దగ్గర హవాయన్ గిటార్ తేలికగా గెలుస్తుంది. కొత్త పెడల్ స్టీల్ చేతిపనిదైతే మూడువేల డాలర్లకు పైమాటే, రవాణా, కస్టమ్స్ సుంకం వేరు, చేసేవారి వద్ద నెలల తరబడి వేచి ఉండాలి. గురువుగా తెర మీది పాఠాలనే నమ్ముకోవాలి. కాబ్రా శిష్యుడు దేబాశిష్ భట్టాచార్య వంటివారు ఉన్న కోల్‌కతాకు విశాఖ నుంచి రాత్రి రైలెక్కితే చాలు కనుక, స్లైడ్ గిటార్ నేర్చుకునేవారికి ఆ సంప్రదాయం చేరువలోనే ఉంది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు హవాయన్ గిటార్‌తో బార్ పట్టడం, స్వరస్థానం మీద ఆపడం నేర్చుకోవాలని నా సలహా. ఆ అభ్యాసం ఏ దారిలో వెళ్లినా వృథా పోదు. ఆ తరవాత చెవి రాగం వైపు లాగితే మోహన వీణ, పాత సినిమా పాటలకు జంటస్వరాలు, పాట వెనక నిలిచే నిండైన శ్రుతులు కావాలంటే పెడల్ స్టీల్. పెడల్ స్టీల్‌నే నిర్ణయించుకుని ఆర్డరు పెట్టేవారు రెండు మెడలకు ఆశపడవద్దు. ఇ-నైన్ మెడ ఒక్కటే, రెండో మెడ స్థానంలో మోచేయి ఆనించుకునే మెత్త, మూడు పెడళ్లు, అయిదు మీటలు అడగండి. మీ కూర్చునే ఎత్తు, మోకాలి ఎత్తు కొలిచి రాసి పంపండి, ఎందుకంటే మీటల స్థానం ఒక అంగుళం తప్పినా గంట వాయించేసరికి తొడ నొప్పి పుడుతుంది. వాద్యంతో పాటే 0.011 అంగుళాల మూడో తీగలు ఒక డజను తెప్పించుకోండి, అన్నిటికంటే ముందు తెగేది అదే.