మూల స్థలంలో గది కలపడానికి ప్లాన్: పాలకొల్లు ఎల్‌టీపీ ఆఫీసుకి 4/5

రెండు రోడ్ల మూలన ఇల్లున్నవాళ్లు ఒక గది కలుపుకుందామనుకుంటే, మేస్త్రితో ముగ్గు పోయించే ముందు ఎల్‌టీపీ దగ్గరికి వెళ్లండి. లైసెన్సు ఉండి, ప్లాన్ గీసి మునిసిపాలిటీ అనుమతి కోసం మన తరఫున ఆన్‌లైన్‌లో పెట్టే ఇంజనీర్లు వీళ్లు (లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్). పాలకొల్లులో మాకు ఈ పని చేసిన ఆఫీసుకి నేను అయిదుకి నాలుగు ఇస్తాను.

మాది ఆరు సెంట్ల స్థలం. తూర్పున 33 అడుగుల రోడ్డు, ఉత్తరాన 20 అడుగుల వీధి, అంటే అందరూ ఎగబడి కొనే ఈశాన్యం బిట్టు. పడగ్గదులు మేడ మీద ఉన్నాయి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద బాత్రూంతో ఒక గది కావాలి. ఉత్తరం వైపు 14 అడుగుల ఖాళీ ఉంది కదా, ప్రహరీకి ఆనించి లేపేద్దామన్నాడు మేస్త్రి.

ఈ ఆఫీసాయన కంప్యూటర్ ముందు కూర్చోకుండా మొదట టేపు పట్టుకుని ఇంటికి వచ్చారు. నాకు బాగా నచ్చింది అదే. దస్తావేజులో కొలతలు ఉన్నాయిగా అనుకోకుండా రెండు రోడ్ల వెడల్పూ కొలిచి, వీధి మధ్యలో సుద్దతో గీత గీసి చూపించారు. వీధి 9 మీటర్ల కంటే సన్నగా ఉంటే ఆ మధ్య గీత నుంచి నాలుగున్నర మీటర్లు రోడ్డుకి వదిలేయాలి. మా వీధి ఆరు మీటర్ల చిల్లర కాబట్టి ప్రహరీ దాదాపు మీటరున్నర లోపలికి రావాలి, ఆ కొత్త హద్దు నుంచి ఇంకో మీటరు సెట్‌బ్యాక్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీగా వదలాల్సిన జాగా. 14 అడుగుల్లో ఎనిమిది అక్కడే పోయాయి. మిగిలిన ఆరడుగుల్లో మంచం వేస్తే మనిషి తిరగడానికి చోటుండదు.

రెండు రోడ్లుంటే రెండు వైపులా ఫ్రంట్ సెట్‌బ్యాక్ వదలాలని మా వీధిలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. వెడల్పు ఎక్కువున్న రోడ్డునే ఫ్రంట్‌గా లెక్కేస్తారు, రెండో రోడ్డు వైపు మిగతా పక్కలకి వదిలినంత వదిలితే చాలు. 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ముందు రెండు మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున. ఆరు సెంట్లంటే 242 చదరపు మీటర్ల పైచిలుకు, రోడ్డుకి పోయింది తీసేసినా మేము ఆ లెక్కలోనే ఉన్నాం.

అసలు టెన్షన్ మూల దగ్గర వచ్చింది. రెండు రోడ్లు కలిసేచోట మలుపు కనపడాలని మూలను ఏటవాలుగా కోసి వదలమంటారు, 12 మీటర్ల లోపు రోడ్లకి ఇటు మూడు, అటు మూడు మీటర్లు. గోడ కూడా ఆ గీత మీదే కట్టాలి. ఈశాన్యం పెరిగితే మంచిదని, తెగితే అరిష్టమని నమ్మే ఇంట్లో ఈ మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, అమ్మ ఆ పూట అన్నం కూడా తినలేదు. ఆయన మాత్రం విసుక్కోకుండా అమ్మ పక్కన కూర్చుని, "అమ్మగారండీ, వాస్తు సంగతి మీ సిద్ధాంతి గారినే అడగండి, నాకు తెలియదు. రూలు మాత్రం ఇది. ఇప్పుడు దాచి గీసేస్తే రేపు గోడ కట్టాక కొట్టేయమంటారండీ" అన్నారు. ఫీజు పోతుందేమోనన్న భయం లేకుండా ఇంత సూటిగా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు? సిద్ధాంతి గారు లోపల మోకాలెత్తు గోడతో నలుచదరం చేసుకోమన్నారు, అమ్మ కుదుటపడింది.

గదిని పడమర దొడ్లోకి, నైరుతి వైపుకి మార్చారు. తూర్పు, ఉత్తరాలు ఖాళీగా ఉండాలని వాస్తు చెప్పేది, ఇక్కడ రూలు చెప్పేదీ ఒకటే అయింది కాబట్టి ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేదు. మనది నల్లమట్టి, పాత గోడకి కొత్త గది అతికిస్తే రెండూ ఒకేలా కుంగవు, పగుళ్లిస్తాయి. అందుకని పునాది వేరుగా వేసి మధ్యలో జాయింట్ వదలమని డ్రాయింగ్‌లోనే చూపించారు. వేసవిలో కాలువలు కట్టేశాక తవ్వితే గోతుల్లో నీళ్ల బాధ తక్కువని కూడా చెప్పారు.

కాగితాల విషయం: కొత్త గది ఒక్కటే గీస్తే కుదరదు, పాత ఇల్లు కూడా ప్లాన్‌లో కనపడాలి. దస్తావేజు, లింకు దస్తావేజులు (అంతకు ముందు స్థలం చేతులు మారినప్పటివి), పాత అప్రూవ్డ్ ప్లాన్, ఇంటి పన్ను రసీదు వెతికిపెట్టుకుని వెళ్లండి. మా వీధి చివరివాళ్లకి పక్కనే మురుగు కాలువ ఉంది, పది మీటర్ల వెడల్పు లోపు కాలువైతే హద్దు నుంచి రెండు మీటర్లు, అంతకన్నా పెద్దదైతే తొమ్మిది మీటర్లు వదలాలట, కాలువ గట్టున ఉన్నవాళ్లు అదీ అడగండి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రోడ్డుకి వదిలిన ముక్కని మునిసిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించాలన్నది, ఆ ఖర్చు తన ఫీజులో లేదన్నది మాకు చివర్లో గాని చెప్పలేదు. పైగా ఆన్‌లైన్‌లో ఫలానా కాగితం తక్కువుందని మెసేజ్ వచ్చినప్పుడు ఫోన్ చేస్తే ఒక పట్టాన ఎత్తరు, మనిషి వెళ్లి కూర్చుంటేనే పని కదులుతుంది. డ్రాయింగ్‌కి ఎంత, మునిసిపాలిటీకి కట్టేది ఎంత, రిజిస్ట్రేషన్‌కి ఎంత అని మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి, అడిగితే రాసిస్తారు.