ఆర్కేడ్ క్యాబినెట్‌కి ఏ తెర: సీఆర్‌టీయా, ఎల్‌సీడీయా?

ఆర్కేడ్ క్యాబినెట్ (పాత వీడియో గేములు నిలబడి ఆడే పెట్టె) సొంతంగా చేసుకునేవాళ్లు చెక్క కొయ్యకముందే తేల్చుకోవాల్సింది తెర సంగతి. 1980ల ఆటలు చాలావరకు సుమారు 240 అడ్డగీతల సీఆర్‌టీ (పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబ్ తెర) కోసం గీసినవే. దానిమీద పిక్సెళ్ల అంచులు మెత్తబడి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. పాతకాలం లైట్ గన్ (తెరకు గురిపెట్టి కాల్చే ఆట తుపాకీ) పనిచేసేదీ దానిమీదే. కానీ బరువెక్కువ, లోతూ ఎక్కువే. పైగా ప్లగ్ పీకేశాక కూడా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఆ నిలిచిన కరెంటును జాగ్రత్తగా తీసేయడం (డిశ్చార్జ్ చేయడం) రానివాళ్లు దాని జోలికి పోకండి.

లైట్ గన్ పిచ్చి లేకపోతే నా ఓటు ఎల్‌సీడీకే. నాలుగు స్క్రూలతో బిగుస్తుంది, పాక్‌మ్యాన్ లాంటి ఆటలకు నిలువుగా తిప్పుకోవచ్చు. ఒకటే చిక్కు: 240 గీతల బొమ్మని 1080 గీతల ఎల్‌సీడీకి సాగదీస్తే నాలుగున్నర రెట్లు. దాంతో కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. నాలుగు రెట్లకే ఆపి, పైనా కిందా నల్లపట్టీ వదిలేయండి.