పిల్లల యాత్రకు డబ్బు ఎవరు పెట్టాలి? తలా ఇంతా, దాత సొమ్మా, మూసిన కవరా?

మా ఊరు పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. మా పిల్లల బడి చదువు ఒడియాలోనే. తెలుగు మాత్రం ఆదివారం పొద్దున మేమే చెప్పుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరిన ఊళ్లో తెలుగు అక్షరం రాని తెలుగు పిల్లలు ఉండకూడదని మా పట్టుదల. ఏటా ఒకసారి వాళ్లను వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం తీసుకెళ్లి, గుడి రాళ్ల మీది శాసనాలు చూపిస్తాం. చిక్కంతా ఖర్చు దగ్గరే.

తలా ఇంత అనుకుంటే లెక్క సులువు. ముప్పై ఆరు మంది, మనిషికి 300 రూపాయలు. మొదట్లో అలాగే చేశాం. ఒక ఏడాది ఐదో తరగతి అమ్మాయి చందా చీటీని మడిచి మడిచి గోరంత చేసి, "ఆ రోజు మేం మామయ్య వాళ్ల ఊరు వెళ్తామండీ" అంది. వాళ్లమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. ఆ ఆదివారం మా బస్సు కదిలేటప్పుడు ఆ పిల్ల అరుగు మీదే కూర్చుని ఉంది. ముప్పై మంది ఎక్కినా ముప్పై ఆరుగురు ఎక్కినా బస్సు కిరాయి ఒక్కటే. ఆమెను వదిలేసి మేం మిగుల్చుకున్నది ఒక్క భోజనం! నాకు ఇప్పటికీ బాధే.

ప్రభుత్వాన్ని అడగమంటారు కొందరు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల బడి చదువు గురించి చెప్పింది. మా ఆదివారం తరగతి దాని కిందికి రాదు.

దాత దొరికితే డబ్బు బెంగ ఒక్కరోజులో తీరుతుంది. కానీ పిల్లలను బ్యానరు ముందు వరుసగా నిలబెట్టి దండం పెట్టించడం నాకు మింగుడుపడదు. మరుసటి ఏడు ఆయన కాదంటే యాత్రే ఉండదు.

నా ఓటు కవరుకే. ఇంటింటికీ ఒకే రకం కవరు ఇస్తాం. పేరు రాయకూడదు, ఎంతైనా పెట్టవచ్చు, ఖాళీగానైనా సరే అంటించి తిరిగి ఇవ్వాలి. ఎవరిది ఖాళీయో పిల్లలకూ తెలియదు, మాకూ తెలియదు. ఉన్నవాళ్లే ఎగ్గొడతారని పెద్దలు వాదించారు. మొదటిసారి 1,400 తక్కువ పడిన మాట నిజం. హోటల్ భోజనం మానేసి ఇళ్లనుంచే పులిహోర కట్టించాం, సరిపోయింది.

ఆ అమ్మాయికి కిటికీ పక్క సీటు దొరికింది. గుళ్లో శాసనం ముందు చాలాసేపు నిలబడి, తను పోల్చుకున్న రెండు అక్షరాలను గాలిలో వేలితో రాసి చూపించింది.