సవరం కొనేవాళ్లు ఒకసారి ఇది చదవండి: నా 8,500 రెండో తలస్నానానికే పోయాయి

మా చెల్లి పెళ్లికి జడ వేసుకుందామని ఆన్‌లైన్‌లో క్లిప్పుల సవరం కొన్నాను. 22 అంగుళాలు, 100 గ్రాములు, ఏడు ముక్కలు, 8,500 రూపాయలు. పేజీలో "నూరు శాతం రెమీ, తిరుపతి జుట్టు, రెండేళ్లు గ్యారంటీగా వస్తుంది" అని ఉంది. రెమీ అంటే మొదళ్లన్నీ ఒకవైపే ఉన్న మేలు రకం జుట్టు. రెండేళ్ల మాట దేవుడెరుగు, రెండోసారి కడిగేసరికే పని అయిపోయింది. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇలాంటి సరుకు చాలా పేర్లతో తిరుగుతోంది; ఒక్కరి పేరు చెప్తే మిగతావాళ్లంతా మంచివాళ్లని అనుకుంటారు.

పెట్టె విప్పగానే పట్టులా చేతిలోంచి జారిపోయింది. ఆ మెరుపు చూసి ఇంట్లో అందరం మురిసిపోయాం. అనుమానపడాల్సింది అక్కడే. ఎవరి తల మీదైనా జుట్టు అద్దంలా అంత మెరవడం చూశామా? పెళ్లిలో మాత్రం బాగానే ఉంది, దాని మీద పూలజడ కూడా కుట్టారు. తర్వాత పూల తడి, స్ప్రే జిగురు పోవాలని కడిగాను. ఆరాక కాస్త గరుకుగా తగిలింది. నెల తర్వాత ఒక గృహప్రవేశానికి పెట్టుకుని మళ్లీ కడిగితే, చివర్లన్నీ కొబ్బరి పీచులా ఉండ చుట్టుకుపోయాయి. దువ్వెన పళ్లు రెండు విరిగాయి గానీ చిక్కు మాత్రం విడలేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే ఒకటే ప్రశ్న: "దేంతో కడిగారు మేడమ్?" కుంకుడుకాయతో అన్నాను. "అయితే తప్పు మీదే, కేర్ కార్డు చదువుకోండి" అని ఊరుకున్నారు.

నా తప్పు లేదని అనను. సొంత జుట్టులాగే బకెట్లో నానబెట్టి, నలిపి, తువ్వాలుతో పిండేశాను. కుంకుడు పిప్పి కుట్టు పట్టీల్లో ఇరుక్కుంటే దులపడానికే అరగంట పట్టింది. కానీ పెళ్లిలో నా తలకు ఐదు ముక్కలే సరిపోయాయి, రెండు అలాగే కొత్తగా ఉండిపోయాయి. వాటిని వాళ్ల కార్డులో ఉన్నట్టే, వీడియో తీస్తూ కడిగాను. గోరువెచ్చని నీళ్లు, సల్ఫేట్ లేని షాంపూ, పైనుంచి కిందికే నిమరడం, కండిషనర్, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టడం. మొదటిసారికి మెరుపు తగ్గింది. రెండోసారికి అదే పీచు.

దీని వెనక సంగతి ఆ తర్వాత అర్థమైంది. వెంట్రుక మీద సన్నని పొలుసులుంటాయి. పెంకుటిల్లు కప్పు మీద పెంకుల్లాగా, అన్నీ మొదలు నుంచి చివరికి ఒకే వాలుగా ఉంటాయి. రెమీ అంటే ఆ పొలుసులు దెబ్బతినకుండా, అన్ని వెంట్రుకల మొదళ్లూ ఒకవైపే ఉన్న జుట్టు. మన వీధుల్లో చిక్కు వెంట్రుకలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చేవాళ్లు వస్తారు కదా, ఆ ఉండల్లో మొదలూ చివరా కలిసిపోయి ఉంటాయి. అలాంటి జుట్టుతో కట్టిన సవరంలో పక్కపక్క వెంట్రుకల పొలుసులు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది బయటపడకుండా యాసిడ్‌తో పొలుసులు కరిగించి, పైన సిలికాన్ పూస్తారు. మనం మురిసిపోయే మెరుపు ఆ పూతదే. కడిగేకొద్దీ పూత పోతుంది, అసలు జుట్టు బయటికొస్తుంది.

మా అత్తయ్య దగ్గర ముప్పై ఏళ్ల నాటి సవరం ఒకటుంది. టైఫాయిడ్ వచ్చి జుట్టు రాలిపోతుంటే ఉన్న జడను మొదలు దగ్గర దారంతో బిగించి ఒక్క కత్తెరకు కోసి, దాంతోనే సవరం కట్టించారట. మెరుపేమీ లేదు, కానీ ఇప్పటికీ పెద్దపళ్ల దువ్వెన సాఫీగా దిగుతుంది. రెమీ అనే మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఇక తిరుపతి జుట్టు అన్న మాట. కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తుంది. అంతవరకు నిజమే. కానీ వేలంలో కొన్నది ఎన్ని చేతులు మారింది, మధ్యలో అందులో ఏం కలిసింది అనేది పేజీ మీది ఒక్క మాటతో తేలదు. దేవుడి పేరు కనబడగానే మనం ఇంకేమీ అడగం. వాళ్లకు కావాల్సింది కూడా అదే.

మంట పరీక్ష వీడియోలను నమ్మి కొనకండి. కాల్చినప్పుడు గోరు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయితే అది మనిషి జుట్టు. కరిగి గట్టి ముత్యంలా అయితే ప్లాస్టిక్. నాదీ ఆ పరీక్షలో పాసైంది! ఎందుకంటే అది మనిషి జుట్టే. రెమీ అవునో కాదో మంట చెప్పదు. ఒక వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి చివరికి, మళ్లీ చివర నుంచి మొదటికి లాగి చూడండి. ఎదురు లాగినప్పుడు కొద్దిగా గరుకు తగలాలి. రెండు వైపులా ఒకేలా జారిపోతుంటే పూత ఉందని అనుమానించాలి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష కడగడమే. రిటర్న్ గడువులోనే ఒక ముక్కను రెండు మూడుసార్లు షాంపూతో కడిగి, ఆరబెట్టి చూడాలి. ఇక్కడే మెలిక ఉంది: సీలు ట్యాగు తెంపితే వాపసు తీసుకోం అంటారు. అందుకే డబ్బు కట్టకముందే "ఒక ముక్క కడిగి చూసి నచ్చకపోతే తీసుకుంటారా?" అని చాట్‌లో అడిగి, జవాబు దాచుకోండి. తీసుకోం అంటే నేనైతే ఇక కొనను. పెళ్లికి వారం ముందు మాత్రం అస్సలు కొనకండి, పరీక్షించే తీరిక ఉండదు. నేను చేసింది అదే.

మంచి సరుకు దొరికినా జాగ్రత్తలు తప్పవు. మన జుట్టుకు మాడు నుంచి నూనె అందుతుంది, సవరానికి ఆ ఆధారం లేదు. అందుకని ప్రతి వాడకానికీ కడగకూడదు. పదిహేను ఇరవై సార్లు పెట్టుకున్నాక ఒకసారి చాలు. కొబ్బరినూనె పట్టిస్తే దుమ్ము అంటుకుని జిడ్డోడుతుంది, చివర్లకు రెండు చుక్కల సీరమ్ రాస్తే సరిపోతుంది. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు, ఆ ఉప్పుకు జుట్టు గట్టిపడుతుంది, అందుకే ఆఖరి కడుగు ఫిల్టర్ నీళ్లతో. దువ్వడం చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పెట్టుకుని పడుకోకూడదు. కుట్టు పట్టీ పూర్తిగా ఆరకుండా పెట్టెలో పెడితే ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది, అది ఒక పట్టాన వదలదు.

డబ్బు సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ (ఆన్‌లైన్ అమ్మకాల) నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. "రెమీ" అని రాసిన పేజీ స్క్రీన్‌షాట్, ఆ రెండు ముక్కలు కడిగిన వీడియో అప్పుడు పనికొచ్చాయి. మొదట కూపన్ ఇస్తామన్నారు, వద్దన్నాను. చివరికి 5,000 వెనక్కి వచ్చాయి. మిగతా దానికోసం ఇంకా తిరిగే ఓపిక లేక వదిలేశాను.

స్క్రీన్‌షాట్ మాత్రం కొన్న రోజే తీసుకోండి. నేను ఫిర్యాదు చేసిన మూడో రోజుకల్లా ఆ పేజీలో "రెమీ" పోయి "ప్రీమియం" వచ్చింది.